డాలస్‌కా, మెల్‌బోర్న్‌కా: రెండు దూరపు నగరాలు, రెండు గడియారాలు

డాలస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఒకేసారి అవకాశం ఎదురైనప్పుడు తెలుగు కుటుంబాలు ముందుగా జీతాలను, ఆ తరువాత వీసాలను, ఇంటి ఖర్చులను పోల్చి చూసుకుంటాయి. ఆ లెక్కలు తప్పనిసరి. వాటిని చెప్పేవారికీ కొదవ లేదు. అయితే రోజులో ఏ గంట ఎవరితో మాట్లాడగలం, పిల్లల సెలవులు ఏ పండుగకు కలుస్తాయి, సాయంత్రం ఆరు తరువాత ఊరు మనకు ఏమి ఇస్తుంది అన్న విషయాలు మాత్రం సామాను సర్దుకుని అక్కడికి చేరిన తరువాతే చాలామందికి తెలుస్తున్నాయి. జీతం రెండు మూడేళ్లలో మారవచ్చు, ఇల్లు మారవచ్చు. ఊరి కాలమానం మాత్రం అక్కడ ఉన్నన్నాళ్లూ మారదు. అందువల్ల ఈ రెండు నగరాల మధ్య ఎంపికను గడియారం దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

భారత కాలమానం 1906 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా చేసుకుని నడుస్తోంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే సాగుతుంది. ఏడాది పొడుగునా మన గడియారం కదలదు. డాలస్, మెల్‌బోర్న్ రెండూ ఏడాదికి రెండుసార్లు గడియారాలను జరుపుకునే నగరాలు, అందులోనూ పరస్పరం వ్యతిరేక దిశలలో. డాలస్‌లో మార్చి రెండో ఆదివారం నాడు గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం నాడు వెనక్కు జరుగుతుంది. మెల్‌బోర్న్ దక్షిణార్ధగోళంలో ఉన్నందున అక్కడ అక్టోబరు మొదటి ఆదివారం నాడు ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు వెనక్కు జరుపుతారు. ఫలితంగా డాలస్ మన కంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. మెల్‌బోర్న్ మన కంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నాలుగున్నర గంటలు, మిగిలిన కాలంలో ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. ఈ రెండు నగరాల మధ్య తేడా ఋతువును బట్టి పదిహేను గంటల నుంచి పదిహేడు గంటల దాకా మారుతూ ఉంటుంది కనుక, అన్న ఒక చోట, చెల్లెలు మరో చోట స్థిరపడిన కుటుంబాలు మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు నెలల్లో ఫోను వేళలను మళ్లీ మళ్లీ సరిచూసుకోవలసి వస్తుంది. ఆస్ట్రేలియా అంతటా ఇదే పద్ధతి ఉందనుకోకూడదు. బ్రిస్బేన్‌లో గడియారం అసలే జరపరు, అక్కడ తేడా ఎప్పుడూ నాలుగున్నర గంటలే.

ఈ అంకెలు చూడగానే మెల్‌బోర్న్ ఇంటికి దగ్గర, డాలస్ దూరం అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. అది సగమే నిజం. తేడా ఎన్ని గంటలన్నది అంత ముఖ్యం కాదు. మన తీరిక వేళ అవతలివారి తీరిక వేళతో కలుస్తుందా లేదా అన్నదే ముఖ్యం. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం ముగించుకుని సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేసరికి హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండున్నరో ఒకటిన్నరో అవుతుంది. ఆ వేళకు ఉద్యోగాలు చేసే అన్నదమ్ములు, స్నేహితులు పనిలో ఉంటారు. వాళ్లు ఇంటికి వచ్చి, భోంచేసి, రాత్రి ఎనిమిదిన్నరకు తీరిక చేసుకునేసరికి మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటో రెండో అవుతుంది. ఉదయం మాట్లాడదామంటే, అక్కడి ఏడు గంటలకు ఇక్కడ ఇంకా తెల్లవారదు. అంటే నాలుగున్నర గంటల దూరంలో ఉన్న తమ్ముడితో పనిదినాల్లో నిదానంగా మాట్లాడటానికి వేళ చిక్కడమే కష్టం.

డాలస్ పరిస్థితి దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. తేడా సగం రోజుకు దగ్గరగా ఉన్నందువల్ల అక్కడి ఉదయం ఇక్కడి సాయంత్రంగా, అక్కడి రాత్రి ఇక్కడి ఉదయంగా అమరిపోతాయి. డాలస్‌లో ఉదయం ఎనిమిదింటికి కారులో ఆఫీసుకు వెళ్తూ ఫోను చేస్తే ఇక్కడ సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో. రాత్రి పిల్లలు పడుకున్నాక ఎనిమిదిన్నరకు చేస్తే ఇక్కడ మరునాటి ఉదయం ఏడో ఎనిమిదో. రోజుకు రెండు మంచి వేళలు దొరుకుతాయి. శుక్రవారం, శనివారం రాత్రులు మరీ అనువైనవి, ఎందుకంటే అప్పుడు ఇక్కడ శనివారం, ఆదివారం ఉదయాలు మొదలవుతూ ఉంటాయి, ఇంట్లో అందరూ ఉంటారు. ఆదివారం రాత్రి చేస్తే మాత్రం ఇక్కడ సోమవారం ఉదయపు హడావిడి. ఆ వేళ ఎవరూ మనసు పెట్టి మాట్లాడలేరు.

అయితే మాటలు వేరు, పనులు వేరు. ఊళ్లో తల్లిదండ్రులు వృద్ధులై, వారి వైద్యం, బ్యాంకు వ్యవహారాలు, పొలం కాగితాలు మీరే చూసుకోవలసి ఉంటే తక్కెడ మెల్‌బోర్న్ వైపు బలంగా మొగ్గుతుంది. మన బ్యాంకులు, రిజిస్ట్రారు కార్యాలయాలు, ఆసుపత్రుల ఓపీలు పనిచేసే ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా గల సమయం మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం రెండున్నర, మూడున్నర నుంచి రాత్రి దాకా పరుచుకుని ఉంటుంది. నాన్నగారిని డాక్టరు చూస్తున్నప్పుడు వీడియోలో పక్కన ఉండి నాలుగు ప్రశ్నలు అడగగలరు. డాలస్‌లో అదే సమయం రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము దాకా ఉంటుంది కనుక, ప్రతి చిన్న పనికీ నిద్ర పాడుచేసుకోవాలి, లేదా ఊళ్లో ఇంకొకరి మీద ఆధారపడాలి. పదవీవిరమణ చేసిన తల్లిదండ్రులకు మధ్యాహ్నం భోజనం తరువాత వచ్చే ఫోను ఇబ్బంది కాదు, పైగా ఆ వేళకే ఎదురుచూస్తారు. కాబట్టి మీరు రోజూ మాట్లాడవలసినది ఎవరితో అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి: పెద్దవారితోనైతే మెల్‌బోర్న్, ఉద్యోగాల్లో ఉన్న తోబుట్టువులతోనైతే డాలస్.

ఉద్యోగం హైదరాబాదు బృందంతో ముడిపడి ఉన్న ఐటీవారికి ఇంకో లెక్క కూడా ఉంది. హైదరాబాదులో తొమ్మిదిన్నరకు పని మొదలయ్యేసరికి మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం రెండు, గడియారం ముందుకు జరిపిన నెలల్లో మూడు. అక్కడి ఆఫీసు వేళ ముగిసేలోగా రెండు మూడు గంటలు ఇరువైపులా పట్టపగలే కలిసి పనిచేయవచ్చు. డాలస్‌లో అలాంటి ఉమ్మడి పగలు లేదు. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఇక్కడివారు ఆలస్యంగా ఉండిపోవాలి, లేదా అక్కడివారు రాత్రి భోజనం ముగించి మళ్లీ ల్యాప్‌టాప్ తెరవాలి. ఏళ్ల తరబడి ఇలా రాత్రి కాల్స్‌లో కూర్చునే ఇళ్లలో పిల్లలకు పడుకునే ముందు తల్లో తండ్రో దగ్గర లేకుండా పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మీరు చేరబోయే బృందం ఏ దేశంలో ఉంది, సమావేశాలు ఏ వేళకు జరుగుతాయి అన్నది ఆఫర్ లెటరు మీద సంతకం చేయకముందే అడిగి తెలుసుకోవాలి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

పండుగలు, పంచాంగం

తిథి ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది, కానీ పండుగను చాలావరకు ఆయా ఊరి సూర్యోదయాన్ని, లేదా సూర్యాస్తమయాన్ని బట్టి నిర్ణయిస్తారు. డాలస్‌లో అదే తేదీ సూర్యోదయం మన కంటే దాదాపు పన్నెండు గంటలు ఆలస్యంగా జరుగుతుంది కనుక, ఇక్కడ సూర్యోదయానికి ఉన్న తిథి అక్కడ తెల్లవారేసరికి వెళ్లిపోయి ఉండవచ్చు. అందుకే అమెరికాలో కొన్ని పండుగలు మన కంటే ఒక తేదీ ముందు వస్తాయి. మెల్‌బోర్న్‌లో సూర్యుడు మన కంటే ముందే ఉదయిస్తాడు కనుక ఎక్కువసార్లు తేదీ కలుస్తుంది. ఎప్పుడైనా తేడా వస్తే ఒక రోజు తరువాతకు జరుగుతుంది. ఏ నగరంలో ఉన్నా ఇక్కడి క్యాలెండరును గోడకు తగిలించుకుని దాని ప్రకారం వ్రతాలు చేసుకోవడం సరికాదు. ఆ ఊరికి గణించిన పంచాంగాన్నే చూడాలి, స్థానిక ఆలయాలు దానినే అనుసరిస్తాయి.

ఋతువుల సంగతి ఇంకా లోతైనది. డాలస్ ఉత్తరార్ధగోళంలోనే ఉన్నందున మన పండుగలు మన ఋతువుల్లోనే వస్తాయి: ఉగాదికి చిగుళ్లు, సంక్రాంతికి చలి. కార్తిక మాసంలో అక్కడ గడియారం వెనక్కు జరిగిన తరువాత సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది; దీపాలు వెలిగించుకుని పిల్లలను వేళకు పడుకోబెట్టవచ్చు. మెల్‌బోర్న్‌లో ఇదంతా తారుమారు. సంక్రాంతి మండువేసవిలో వస్తుంది, ఉగాదికి ఆకులు రాలుతూ ఉంటాయి, కార్తికంలో రాత్రి ఎనిమిదింటి దాకా వెలుగు ఉంటుంది. దీపావళి నాడు చీకటి కోసం పిల్లలు చాలాసేపు కాచుకోవాలి, ఆపైన విక్టోరియా రాష్ట్రంలో ఇళ్ల దగ్గర బాణసంచా కాల్చడం నిషిద్ధం. డాలస్ చుట్టుపక్కల నగరాల పరిధిలోనూ కాల్చకూడదు కాబట్టి ఆ ఒక్క విషయంలో రెండూ సమానమే.

అయినప్పటికీ పిల్లలను పండుగకు ఊరికి తీసుకురావాలనే వారికి మెల్‌బోర్న్ ఇచ్చే వరం ఒకటుంది. అక్కడ బడి సంవత్సరం జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. పెద్ద సెలవులు క్రిస్మస్‌కు ముందు మొదలై జనవరి చివరి దాకా సాగుతాయి. అంటే భోగి మంటలు, గొబ్బెమ్మలు, కోనసీమ ప్రభల తీర్థం బడి మానకుండానే చూడవచ్చు. డాలస్‌లో బడులు ఆగస్టు మధ్యలో తెరిచి మే నెలాఖరులో మూస్తారు. క్రిస్మస్ సెలవులు రెండు వారాలే కనుక సంక్రాంతి దాకా ఉండటానికి వీలుపడదు. జూన్, జూలై నెలల్లో వస్తే మామిడిపండ్ల చివరి రోజులు, ఆషాఢ బోనాలు దక్కుతాయి, కానీ మన బడులు అప్పటికే తెరిచి ఉంటాయి కాబట్టి మేనమామ పిల్లలతో ఆడుకునే వేళ తగ్గిపోతుంది. అమ్మమ్మ ఊరు కోస్తా జిల్లాల్లో ఉంటే ఒక రకంగా, హైదరాబాదు పాతబస్తీ దగ్గరైతే మరో రకంగా ఈ లెక్క తేలుతుంది.

ఊళ్ల తీరు

మెల్‌బోర్న్ కాలినడకకు, ట్రాములకు అలవాటుపడిన నగరం. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాము వ్యవస్థ అక్కడిదే, నగర కేంద్రంలో ట్రాము ప్రయాణం ఉచితం కూడా. రెండో ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన ఇటలీ, గ్రీసు వలసదారులు కాఫీ మీద పెంచిన మక్కువ ఊరంతటికీ పాకింది. ఇరుకు సందుల్లోని చిన్న కాఫీ కొట్లే ఆ ఊరి పరువు. అవి ఉదయం ఆరింటికో ఏడింటికో తెరిచి మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకల్లా మూసేస్తారు. మామూలు దుకాణాలు కూడా చాలాచోట్ల సాయంత్రం ఐదున్నరకే కట్టేస్తారు. గురు, శుక్రవారాల్లో మాత్రం కాస్త పొద్దుపోయేదాకా ఉంచుతారు. హైదరాబాదులో రాత్రి పదింటికి కూడా బజారుకు వెళ్లే అలవాటున్నవారికి ఇది మొదట్లో వెలితిగా తోస్తుంది. ఆ వెలితికి బదులుగా దొరికేది పార్కులు, సముద్రతీరం, ఆటల మైదానాలు. ఆటల పిచ్చి ఎంతంటే నవంబరు మొదటి మంగళవారం జరిగే గుర్రప్పందెం కోసం, సెప్టెంబరు చివర జరిగే ఫుట్‌బాల్ ఫైనల్ ముందు రోజు కోసం కూడా ప్రభుత్వ సెలవులు ఉన్నాయి.

డాలస్ ఒక నగరమని అనుకుంటాం గానీ, నిజానికి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొప్పెల్, మెకిన్నీ వంటి ఊళ్లు కలిసిన పెద్ద సముదాయం, కారు లేకుండా అక్కడ పాలప్యాకెట్టు తెచ్చుకోవడం కూడా కష్టం. రైలు ఉంది గాని ఇంటి నుంచి స్టేషనుకే కారు కావాలి. బదులుగా దుకాణాలు రాత్రి తొమ్మిది, పది దాకా తెరిచి ఉంటాయి, ఇళ్లు విశాలం, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు; ఇంటి మీద పన్ను మాత్రం భారీగానే ఉంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో 1958లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను, అంటే నేటి కంప్యూటర్ చిప్పుకు మూలరూపాన్ని, తయారుచేసింది ఈ ఊళ్లోనే. సాంకేతిక ఉద్యోగాల పునాది అప్పటి నుంచే ఉంది. తెలుగుతనం విషయంలో డాలస్‌కు సాటి విదేశాల్లో అరుదు. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయం, ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం, నెల నెలా సాగే సాహిత్య సదస్సు, ఇర్వింగ్‌లోని గాంధీ విగ్రహం దగ్గర సమావేశాలు, బతుకమ్మ ఆటలు, ఇవన్నీ ఏళ్లుగా పాతుకున్నవి. మెల్‌బోర్న్‌లో క్యారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయం పెద్దది, టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ అక్కడ తెలుగువారు పంజాబీల, మలయాళీల, శ్రీలంక తమిళుల పక్కన కలిసి బతుకుతారు. పిల్లలు తెలుగు వాతావరణంలోనే పెరగాలని గట్టిగా కోరుకునేవారికి డాలస్ అనువు. నానా దేశాలవారి మధ్య పెరగడమే మంచిదనుకునేవారికి మెల్‌బోర్న్.

తల్లిదండ్రులను తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఈ తీరుల తేడా చాలా పెద్దది. కారు నడపలేని అమ్మానాన్నలు డాలస్ శివారులో పగలంతా ఇంట్లోనే ఉండిపోతారు. పైగా పది పన్నెండు గంటల తేడాకు వృద్ధుల శరీరం సర్దుకోవడానికి పది రోజులకు పైనే పట్టవచ్చు. మెల్‌బోర్న్‌లో ట్రామో రైలో ఎక్కి గుడికో గ్రంథాలయానికో తమంతట తామే వెళ్లిరాగలరు, అయితే ఇల్లు స్టేషనుకు దగ్గరగా తీసుకున్నప్పుడే ఈ మాట వర్తిస్తుంది; కొత్తగా వెలసిన దూరపు కాలనీల్లో అక్కడా కారే గతి.

క్రికెట్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఐపీఎల్ మ్యాచ్ ఇక్కడ రాత్రి ఏడున్నరకు మొదలైతే డాలస్‌లో ఉదయం తొమ్మిది, మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి. కానీ డిసెంబరు 26న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో మొదలయ్యే టెస్టును లక్షమంది కూర్చునే మైదానంలో చూడటం వేరు. 2024లో విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి అక్కడే తన మొదటి టెస్టు శతకం చేశాడు. తేదీ డిసెంబరు 28. డాలస్‌లో టీవీ ముందు కూర్చున్నవారికి ఆ రోజు ఆట 27వ తేదీ సాయంత్రమే మొదలైంది.

వాతావరణం విషయంలో రెండింటికీ చెరొక ప్రమాదం ఉంది, ముందే తెలుసుకుని వెళ్లాలి. డాలస్‌లో వేసవి ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటి వారాల తరబడి సాగుతుంది, వసంతంలో వడగళ్లు, సుడిగాలులు వస్తాయి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలిలో టెక్సాస్ విద్యుత్తు వ్యవస్థ కుప్పకూలి లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మెల్‌బోర్న్‌లో ఒకే రోజు నాలుగు ఋతువులు కనిపిస్తాయని స్థానికులే అంటారు; వేసవిలో ఉత్తరపు వడగాలి నలభై డిగ్రీలు తెచ్చి, దక్షిణపు గాలి తిరగగానే గంటలో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల మేర పడిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది గడ్డి పుప్పొడి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది గాలినిండా ఉంటుంది. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుములతో వచ్చిన గాలివానలో ఆ పుప్పొడి వల్ల వేలమందికి ఉబ్బసం వచ్చి ఊపిరాడలేదు, పదిమంది చనిపోయారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే డాక్టరును సంప్రదించకుండా మెల్‌బోర్న్ ఖాయం చేసుకోవద్దు.

నిర్ణయం తీసుకునే ముందు ఫోనులో రెండు నగరాల గడియారాలనూ పెట్టుకుని, ఒక మామూలు పనిదినంలో మీరు ఎవరెవరితో ఎప్పుడు మాట్లాడారో, ఏ పని ఏ వేళకు చేశారో రాసుకోండి. ఆ వేళలను అవతలి గడియారంలోకి మార్చి, భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. ఇద్దరి అవసరాలూ ఒకటే కాకపోవచ్చు. ఒకరి తల్లిదండ్రులు అనారోగ్యంతో ఉండి, మరొకరి తోబుట్టువులు ఉద్యోగాల్లో ఉంటే, ఎవరి వేళకు ముందు చోటివ్వాలో ఇక్కడే తేల్చుకోవాలి. విమానం ఎక్కిన తరువాత ఆ వాదన మొదలైతే తీరేది కాదు.

బయలుదేరే నెల కూడా ఈ ఎంపికలో భాగమే. మన బడులు ఏప్రిల్‌లో ముగుస్తాయి కనుక, తరగతి పూర్తిచేసిన బిడ్డ జూలైలో డాలస్ చేరితే ఆగస్టులో పై తరగతిలో చక్కగా కలిసిపోతుంది. మెల్‌బోర్న్‌కు జనవరి మొదట్లో చేరితే అక్కడ కొత్త తరగతితోపాటే మొదలుపెట్టవచ్చు గానీ, ఇక్కడి చదువు సగంలో ఆగుతుంది. ఏప్రిల్ తరువాత వెళ్తే అక్కడి సంవత్సరం సగంలో దూరాలి. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క విషయమే ఊరును నిర్ణయించవచ్చు. అటువంటప్పుడు ఉద్యోగంలో చేరే తేదీని మార్చమని సంస్థను అడగాలి, లేదా ఒకరు ముందు వెళ్లి మిగిలినవారు పరీక్షలు ముగిశాక చేరుకోవాలి.